చెంప సాక్ష్యం

భావనారాయణ చెయ్యి వేస్తే బట్ట నిజం చెప్పి తీరాల్సిందేనని గుణదలలో పేరు. నూలు సన్నమా ముతకా చెప్పడం, పట్టులో కల్తీ పట్టుకోవడం, ఇవేం గొప్ప? ఆ మాత్రం ఎవరైనా చేస్తారు. ఆయన శాలువా మీద అరచెయ్యి ఆన్చి, కళ్ళు సగం మూసి, "ఈ ఉన్ని ఇచ్చిన గొర్రెకి ఎడమ వెనక కాలు కుంటండీ. ఎప్పుడూ ఒక పక్కకే పడుకునేది. అందుకే ఈ అంచున ఉన్ని కాస్త అణిగింది" అనేవాడు. కొనడానికి వచ్చినవాళ్ళు నవ్వేవాళ్ళు. నవ్వుతూనే ఆ అంచు తడిమి చూసుకునేవాళ్ళు. కొందరికి నిజంగానే అణిగినట్టు తగిలేది కూడా.

ఆయన పుట్టిందీ పెరిగిందీ నూలులో. పెడనలో గుంట మగ్గం ముందు నడుం వంగేదాకా నేశాడు. కొడుకు ఉమామహేశ్ గుణదల కొండకి వెళ్ళే రోడ్డు మీద బట్టల కొట్టు పెట్టాక, భార్య పున్నమ్మతో సహా బెజవాడ వచ్చేశాడు. కొట్లో గుమ్మం పక్కన ఆయనకో చెక్కబల్ల. దాని మీద మడతలు వేసి పరిచిన నల్లటి గొంగళి. ఆ గొంగళికో చరిత్ర ఉంది. ఆ చరిత్ర రోజుకో రకంగా ఉండేది, అది వేరే సంగతి. అసలు జరిగింది ఇంతే: కోతలయ్యాక పాలమూరు నుంచి కాపరులు గొర్రెల మందల్ని తోలుకొస్తే, కంకిపాడు రైతులు ఎరువు కోసం వాటిని తమ పొలాల్లో పడుకోబెట్టించుకునేవాళ్ళు. అలా వచ్చిన ఒక కాపరికి భావనారాయణ తను నేసిన పంచె ఇచ్చి, బదులుగా ఈ గొంగళి పుచ్చుకున్నాడు. ఆయన చెప్పేటప్పుడు మాత్రం సంగతి ఇంకాస్త పెరిగేది.

"ముసురు పట్టినన్నాళ్ళూ ఇదే కప్పుకు తిరిగానండీ. ఒంటికి చుక్క తడి అంటితే ఒట్టు. తాగిన నీళ్ళన్నీ లోపలే దాచుకుంది. వాన వెలిశాక గట్టు మీద నిలబడి ఒక్కసారి పిండాను. బందరు కాలవకి గండి పడింది. ఇరిగేషనోళ్ళకి ఇప్పటికీ నేనంటే పడదు."

కబుర్లు ఎలా ఉన్నా, ఉన్ని అంటే ఆయనకి నిజంగానే ఒక మోజు. మన కోస్తా గొర్రెకి మేకలాగా బొచ్చే గాని ఉన్ని ఉండదు. ఈ ప్రాంతంలో ఉన్ని చుట్టపుచూపు సరుకు. ఏడాదికోసారి వస్తుంది, నాలుగు రోజులు భుజాన ఉంటుంది, తర్వాత కలరా ఉండల వాసనలో బీరువాలో పడుకుంటుంది. అందుకే దాన్ని ఎవరూ పట్టించుకోరు. భావనారాయణ పట్టించుకున్నాడు. నూలు చెప్పిన మాట వింటుంది. మడత పెడితే మడత, నలిపితే నలుగు. ఉన్ని అలా కాదు. పిడికిట్లో నలిపి వదిలితే ఒళ్ళు విరుచుకుని మళ్ళీ తన తీరుకి తను లేస్తుంది. జీవితమంతా మాట వినే నూలుతో గడిపినవాడికి ఈ మాట వినని సరుకు ముచ్చటగా ఉండేది.

కొడుక్కి మాత్రం ఆ బల్ల మీద కన్ను.

"నాన్నా, ఇంక ఇంట్లో కూర్చోరాదూ? ఆ బల్ల తీసేస్తే అక్కడ చీర కట్టిన బొమ్మ పెట్టొచ్చు" అన్నాడు పోయినేడు.

"బొమ్మ కబుర్లు చెబుతుందిట్రా?"

"చెప్పదు. అదే దాని గొప్ప."

భావనారాయణ నవ్వి, నలుగురు కొనుగోలుదార్లు వింటుండగా అనేశాడు. "నా చెయ్యి అబద్ధం చెప్పిన రోజున నేనే లేచి ఇంటికి పోతాన్రా. అప్పుడు పెట్టుకో నీ బొమ్మని."

నోటి దురద. ఆ మాటని దేవుడు కూడా విన్నాడు కాబోలు, అదే ఏడు వానాకాలంలో వేళ్ళు మొద్దుబారడం మొదలైంది. షుగరు ఆయనకి పాత నేస్తమే. మొదట కాళ్ళలో పని మొదలుపెట్టింది. ఒకనాడు ఒక చెప్పు ఎక్కడో జారిపోయినా తెలియక ఒంటి చెప్పుతో ఇంటికి వచ్చాడు. "కొత్త ఫ్యాషనే" అని పున్నమ్మని నవ్వించాడు. తర్వాత అది వేళ్ళకి పాకింది. వేళ్ళ కొసలకి ఎవరో మైనం పూసి ఆరబెట్టినట్టు. జరీ అయినా ఒకటే, గోనెపట్టా అయినా ఒకటే. బట్ట ఉన్నదని కన్ను చెబుతోంది, చెయ్యి ఊరుకుంటోంది.

ఎవరికీ చెప్పలేదు. చెబితే బల్ల పోతుంది. బల్ల పోతే ఏం మిగులుతుంది? మందుల డబ్బా, టీవీ, మధ్యాహ్నం పూట గోడ మీద ఎండ జరగడం చూడటం. అందుకని చెయ్యి చెప్పలేని చోట కన్ను పెట్టాడు, కన్ను చాలని చోట కథ పెట్టాడు. కథలో ఎప్పుడూ కొదవ లేదు కాబట్టి ఎవరూ పట్టుకోలేదు. పున్నమ్మ మాత్రం, పొగలు కక్కే కాఫీ గ్లాసుని ఆయన కబుర్లు చెబుతూ అలాగే పట్టుకుని కూర్చున్న రోజున ఒక్క క్షణం చూసి, గ్లాసు లాక్కుని, "తిమ్మిరి రావాల్సింది మీ వేళ్ళకి కాదు, నోటికి" అంది. అంతకుమించి ఏమీ అనలేదు. అనకపోవడమే ఆయన్ని బాగా భయపెట్టింది.

మాఘమాసంలో గుణదల మేరీమాత ఉత్సవాలంటే కొట్టుకి పెద్ద పండగ. మైలవరం నుంచీ కంకిపాడు నుంచీ ఇంకా ఎక్కడెక్కడి నుంచో జనం వచ్చి కొండ కింద పందిళ్ళలో రాత్రిళ్ళు ఉంటారు. తెల్లవారుజామున మంచు కురుస్తుంది. శాలువాలకి గిరాకీ అప్పుడే. ఈసారి ఉత్తరాది నుంచి ఒక పెద్ద మూట వచ్చింది. అన్నిటికీ ఒకటే చీటీ, అన్నిటి మీదా "అచ్చమైన ఉన్ని" అనే రాత. అందులో సగం ప్లాస్టిక్ దారమని ఉమామహేశ్ అనుమానం.

"నాన్నా, చెయ్యి వేసి విడదీసి పెట్టండి. ఉన్నిదొక కుప్ప, కానిదొక కుప్ప. ఏది ఏదో చెప్పే అమ్ముదాం" అన్నాడు.

భావనారాయణ కుప్ప ముందు కూర్చుని ఒక్కొక్క శాలువా మీదా గంభీరంగా అరచెయ్యి ఆన్చాడు. అరచెయ్యి ఏమీ అనలేదు. కన్నుని అడిగాడు. నిగనిగలాడేవి, పట్టులా జారేవి ఉన్ని కుప్పలోకి. నూగునూగుగా, వెలవెలబోయినట్టున్నవి రెండో కుప్పలోకి. అయ్యాక చేతులు దులుపుకుని, "ఈ రెండో కుప్ప గొర్రెలు ప్లాస్టిక్ నూనె డబ్బాలు మేసినట్టున్నాయిరా" అన్నాడు. కొడుకు నవ్వాడు. కుప్పలు అలా ఉండిపోయాయి.

ఉత్సవం రేపనగా డయానా టీచరు తన తల్లిని తీసుకుని వచ్చింది. ఆవిడ అక్కడే కాన్వెంటు స్కూల్లో పని చేస్తుంది. కొట్టుకి పాత ఖాతాదారు. తల్లి పేరు బుల్లెమ్మ, కంకిపాడు దగ్గర పల్లె. మనిషి పిడికెడు, గొంతు పందిరంత.

"బాబాయిగారూ, మా అమ్మకో శాలువా కావాలండీ" అంది డయానా. "మా పాప ఏంజెల్‌కి జబ్బు నయమైతే తలనీలాలిస్తానని మొక్కుకుంది. రేపు గుండు. కొండ కిందే పడుకుంటానంటోంది. మంచు పడుతుంది కదా, అచ్చమైన ఉన్నిదై ఉండాలి. అట్లాగని గరుగ్గా ఉంటే కొత్త గుండు, గీరుకుంటుంది."

"గొర్రెలు ఏడాదికి రెండుసార్లిస్తాయి తలనీలాలు. అవి శాలువా అడుగుతున్నాయా?" అంది బుల్లెమ్మ. "ఈ పిల్లకి అన్నీ భయాలే, షావుకారుగారూ."

"గొర్రెలకి మీలాగా కూతుళ్ళు లేరు కదండీ" అని, భావనారాయణ ఉన్ని కుప్ప పైనుంచి ఒక గోధుమ రంగు శాలువా తీశాడు. వెలుతురుకి తళుక్కుమంది. ఒళ్ళో పరిచి, దాని మీద చెయ్యి పెట్టి నెమ్మదిగా జరిపాడు. మూల చీటీ దాకా, చీటీ మీదుగా, మళ్ళీ వెనక్కి. "ఇది తల్లిపాలు మరవని పిల్లదండీ. కత్తెర చూసి తల్లి పొట్ట కింద దూరితే, కాపరి తల్లిని బతిమాలుకుని, పిల్లకి బెల్లం ముక్క పెట్టి, అప్పుడు తీశాడు. మొదటి కత్తిరింపు. దీన్ని మించిన మెత్తన లేదు."

డయానా నవ్వుతోంది. బుల్లెమ్మ నవ్వడం లేదు. శాలువా వైపు కాదు, ఆయన చేతి వైపు చూస్తోంది. ఉన్నట్టుండి ముందుకు వంగి శాలువా లాగేసుకుంది.

"చాలు, చాలు. ఇదే ఇచ్చెయ్యండి."

"ఇంకోటి కూడా చూడమ్మా" అంది డయానా.

"షావుకారుగారు చెయ్యేసి చెప్పాక ఇంకోటేందే? పద."

ఆవిడ వెళ్ళేటప్పుడు గుమ్మంలో ఒకసారి తిరిగి చూసింది. భావనారాయణ అప్పటికే ఇంకొకరికి కుంటి గొర్రె కథ ఎత్తుకున్నాడు.

ఆ సాయంత్రం భోజనానికి కూర్చున్నప్పుడు పున్నమ్మ అడిగింది. "వేలికి ఏమిటండీ ఆ ఎరుపు?"

చూసుకున్నాడు. చూపుడువేలి కొసన ఎండిన ఎర్ర చుక్క. "కుంకుమ. పొద్దున దేవుడి దగ్గర" అన్నాడు.

పున్నమ్మ ఇంకో ముద్ద అన్నం వడ్డించింది.

మర్నాడు మధ్యాహ్నం ఉమామహేశ్ భోజనానికి ఇంటికి వెళ్ళాడు. కొండ మీది మైకులో పాటలు వస్తున్నాయి. భావనారాయణకి కునుకు పట్టింది. పక్కనే ఉన్న ఉన్ని కుప్పని దిండుగా చేసుకుని, పై శాలువా మీద చెంప ఆన్చి కళ్ళు మూశాడు. నిద్ర రాలేదు. చెంప కింద ఏదో చికాకు. మొదట చల్లగా జారింది, కాసేపటికి ఉక్కపోసింది, ఆ తర్వాత చెంప చెమర్చి అంటుకుపోయింది. వేసవిలో చొక్కా లేకుండా ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని లేస్తే వీపు ఎలా చప్పుడు చేస్తుందో, అలా చప్పుడు చేస్తూ ఊడి వచ్చింది. విసుక్కుని, రెండో కుప్ప మీదికి తల మార్చాడు.

అక్కడ ముందు చిన్నగా గుచ్చింది. వారం గడ్డంతో ఉన్న తాత మనవడికి చెంప ఆన్చినట్టు. పోనీలే అని అలాగే ఉన్నాడు. కాసేపటికి ఆ గుచ్చడం ఎటు పోయిందో తెలియలేదు. చెంప కొంచెం లోతుకి దిగింది. కింద లక్ష సన్నటి చేతులు ఎత్తి పట్టుకున్నట్టుంది. వేడి మెల్లగా వచ్చింది. ఎక్కడిదా వేడి అని నిద్రమత్తులోనే ఆలోచించాడు. ఉన్నికి సొంత వేడి ఎక్కడుంది? మనిషి వేడినే పోనివ్వకుండా దాచి, మళ్ళీ మనిషికే ఇస్తుంది. చెమటని తాగుతుంది, తాగినట్టు చెప్పదు. ఎంత మర్యాద గల వస్తువు! ఇలాంటి మర్యాద ప్లాస్టిక్కుకి ఎన్ని జన్మలెత్తితే వస్తుంది...

దిగ్గున లేచి కూర్చున్నాడు.

రెండు సంగతులు ఒక్కసారే తెలిశాయి. ఒకటి, కుప్పలు తారుమారయ్యాయి. తన చెయ్యి నిండు కొట్లో, పదిమంది ముందు, అబద్ధం చెప్పింది. కొత్త గుండుతో ముసలావిడ ఆ అబద్ధాన్ని నెత్తిన కప్పుకుని మంచులో కూర్చుంటుంది. రెండు, చెంప చచ్చిపోలేదు. ఏడవాలో నవ్వాలో తెలియలేదు. అందుకని ముందు పనిలో పడ్డాడు.

ఒక్కొక్క శాలువా తీసి చెంపకి ఆన్చుకోవడం, కళ్ళు మూసుకోవడం, పక్కన పెట్టడం. కుడి చెంప అలిసిపోతే ఎడమ చెంప. ఇది ప్లాస్టిక్. ఇది ఉన్నే గాని గొర్రె తొడ మీదిది, పీచు. ఇది వీపుది, పరవాలేదు. ఇదీ పీచే. పాత కథలన్నిటిలోనూ గొర్రె ఎక్కడ పుట్టిందో, ఏం తిన్నదో చెప్పాడు గాని, ఇంత దగ్గరగా ఎప్పుడూ వినలేదు. నూలు మనిషికి చేతివేళ్ళే లోకం. మగ్గం మీద చెంపకి పనేముంది? ఇన్నేళ్ళూ అది ఊరికే ముఖం మీద కూర్చుని తిన్నది.

అట్టడుగున, నీరుకావి రంగులో, ఎవరూ చూడని ఒక శాలువా ఉంది. దాన్ని చెంపకి ఆన్చగానే ఊపిరి నెమ్మదించింది. మెత్తన అంటే జారిపోవడం కాదని ఆ క్షణాన అనిపించింది. జారిపోయేది నిన్ను పట్టించుకోదు. ఇది ఆగి, ఎంత బరువు పెట్టావో చూసి, అంతకి అంతే లొంగి, ఆ పైన నిలబడుతోంది. అలాగే ఉండిపోయాడు.

"నాన్నా!"

గుమ్మంలో ఉమామహేశ్. శాలువాల గుట్ట మధ్య తండ్రి ముఖం దాచుకుని ఉండటం చూసి వాడి ముఖం పాలిపోయింది. "ఏమైంది? ఏడుస్తున్నారా? ఎవరన్నా ఏమన్నా అన్నారా? నేను బొమ్మ సంగతి ఏదో సరదాకి..."

"నిద్రొచ్చిందిరా" అన్నాడు భావనారాయణ. "ఈ కుప్పల్లోంచి ఒక్కటి కూడా అమ్మకు. నేను కొండ దాకా వెళ్ళొస్తా."

"కొండకా? మీరా? ఎందుకు?"

"గొర్రె ఒకటి తప్పిపోయింది."

పొద్దు వాలుతోంది. రోడ్డు నిండా జనం, కొవ్వొత్తుల బళ్ళు, కొబ్బరికాయల గుట్టలు, చెరుకు ముక్కలు. భావనారాయణ నీరుకావి శాలువాని చంకలో పెట్టుకుని, కాళ్ళకి చెప్పులు రెండూ ఉన్నాయో లేదో మధ్యమధ్య చూసుకుంటూ కొండ కిందికి చేరాడు. చేరాక గానీ అసలు చిక్కు తెలియలేదు. ఎటు చూసినా గుండ్లే. ఆడ గుండ్లు, మగ గుండ్లు, చందనం పూసిన పసి గుండ్లు. నిన్న ముడితో చూసిన మనిషిని ఇవాళ గుండుతో గుర్తుపట్టడం ఎలా? ఉన్ని కత్తిరించిన మర్నాడు తల్లి గొర్రెని పిల్ల కూడా గుర్తుపట్టదట, గొంతు విని గాని దగ్గరికి రాదట. ఆ మాట ఎప్పుడో ఆ పాలమూరు కాపరి చెప్పాడు. భావనారాయణ చెప్పే వాటిలో నిజమైనవి తక్కువే, ఇది వాటిలో ఒకటి.

గొంతు కోసం చెవి పెట్టి నడిచాడు. ఒక పందిరి చివర వినిపించింది. "కొవ్వొత్తి ఇంత వంకరగా ఉంటే మరియమ్మ తల్లి మెడ వంచి చూడాలట్రా?" అని ఎవరో కొవ్వొత్తులవాణ్ణి ఉతికి ఆరేస్తున్నారు.

బుల్లెమ్మే. గుండు మీద నూలు తువ్వాలు కప్పుకుంది. గోధుమ రంగు శాలువా నలిగి ఒళ్ళో పడి ఉంది.

"శాలువా కప్పుకోలేదేమండీ?" అన్నాడు భావనారాయణ ఆయాసపడుతూ.

ఆవిడ తల ఎత్తి చూసింది. ఆశ్చర్యపోయినట్టు లేదు. "రండి షావుకారుగారూ, కూర్చోండి. డయానా పైకెళ్ళింది. కప్పుకుంటే ఉడుకు, తీస్తే చలి. మీ గొర్రెపిల్ల బెల్లం బాగా తిన్నట్టుంది, ఒళ్ళంతా జిగురే."

ఆయన చాప అంచున కూర్చున్నాడు. నిజానికి నోరు అలవాటు తప్పింది. అబద్ధమైతే ఎంత పెద్దదైనా సాఫీగా జారేది. "అది ఉన్ని కాదండీ. నా చెయ్యి..."

"తెలుసు" అంది బుల్లెమ్మ. తన ఒళ్ళోదాని అంచు నుంచీ, ఆయన చంకలోదాని అంచు నుంచీ చెరో పోగు పీకి, గోధుమ రంగుది ముందుగా పక్కన వెలుగుతున్న కొవ్వొత్తి మీద పెట్టింది. అది ముడుచుకుని, కరిగి, నల్లటి పూసలా వేలాడింది. "కాలిన ప్లాస్టిక్ బకెట్టు వాసన" అంది. రెండో పోగు భావనారాయణ పుచ్చుకుని మంట దగ్గర పెట్టాడు. చిటపటమని అంటుకుని, అంతలోనే తనంతట తను ఆరిపోయి, పొడిబూడిదైంది. కాలిన వెంట్రుక వాసన వచ్చింది. "అదీ జుట్టు వాసన. నా తలా ఆ గొర్రె తలా ఒకటే" అని నవ్వబోయి, బుల్లెమ్మ చటుక్కున ఆయన చేతి మీద చరిచింది. "తియ్యండి చెయ్యి! పోగు కాలిపోయి ఎంతసేపైంది, వేలు కాలుతోంది!"

ఆయన చూసుకున్నాడు. బొటనవేలి గోరు పక్కన చర్మం కందిపోయింది. ఏమీ తెలియలేదు. బుల్లెమ్మ నీళ్ళ సీసా విప్పి వేలి మీద పోసింది.

"నిన్న కూడా ఇంతే" అంది నెమ్మదిగా. ఆ గొంతు అంత చిన్నదిగా ఉండగలదని ఆయన అనుకోలేదు. "చీటీకి గుచ్చిన గుండుసూది మీ వేల్లోకి దిగింది. దాంతోనే చెయ్యి అటూ ఇటూ జరిపారు. రెప్ప కూడా కదల్లేదు. మా నాన్న కళ్ళం కాపలాకి పోతే ఆయన గొంగళిలోనే పడుకుని పెరిగినదాన్ని, ఉన్ని కాదని పట్టుకోగానే తెలిసింది నాకు."

"మరి అప్పుడే అనలేదేం?"

"మీ అబ్బాయి ముందరా?" బుల్లెమ్మ తువ్వాలు సర్దుకుంది. "మా ఆయన బండి తోలేవాడండీ. ఆఖర్లో కళ్ళు కనబడేవి కావు. ఎడ్లకి దారి తెలుసు, అవే తీసుకెళ్ళి తీసుకొచ్చేవి. ఈయన పైన కూర్చుని హై హై అనేవాడు. ఊళ్ళో ఎవరికీ తెలీదు. నాకు తెలుసని ఆయనకీ తెలీదు. ఒకనాడు ఎడ్లు అమ్ముకోవాల్సొచ్చింది. అప్పుడు మంచం పట్టాడు." కొవ్వొత్తి ఒత్తి గిల్లి సరిచేసింది. "నిన్న రాత్రంతా ఇదే ఆలోచన. మరి మీకు ఆ ఎడ్లు ఏవా అని."

ఈసారి భావనారాయణ నోటికి కథ రాలేదు. "చెంప ఉందండీ" అన్నాడు. "ఇవాళ మధ్యాహ్నమే తెలిసింది. చెయ్యి అబద్ధాలు నేర్చింది గాని, చెంపకి ఇంకా ఆ చదువు అబ్బలేదు." నీరుకావి శాలువా విప్పి ఆవిడకి అందించాడు.

బుల్లెమ్మ తువ్వాలు తీసి, శాలువాని కొత్త గుండు మీద వేసుకుంది. వెంటనే ముఖం చిట్లించింది. "గుచ్చుతోంది."

"కాసేపాగండి. కొత్త చుట్టం లాంటిది, ముందు కాస్త బిగుసుకుంటుంది."

ఆగారు. పక్క పందిట్లో పసివాడు ఏడ్చి ఊరుకున్నాడు. మెట్ల మీద కొవ్వొత్తుల వరస పైకి పాకుతోంది. బుల్లెమ్మ కళ్ళు మూసుకుంది. భుజాలు కొంచెం కొంచెంగా కిందికి దిగాయి. చాలాసేపటికి, "లేదు. ఇప్పుడు లేదు" అంది. ఇంకాసేపటికి కళ్ళు తెరిచి, పాత గొంతుతో, "ఇంతకీ ఈ గొర్రె ఏం చేసేదో చెప్పలేదు. కుంటిదా, గుడ్డిదా?"

"తెలీదండీ" అన్నాడు భావనారాయణ. "మెత్తటిదని మాత్రం తెలుసు."

మర్నాడు పొద్దున కొట్టు తెరవగానే ఆయన బల్ల మీద కూర్చోలేదు. నిలబడే కొడుక్కి చెప్పేశాడు. వేళ్ళ సంగతి, కుప్పల సంగతి, బుల్లెమ్మ శాలువా సంగతి. గండి పడిన బందరు కాలవ ఎక్కడా రాలేదు. చెప్పడం అయ్యాక బల్ల మీది గొంగళి తీసి, దులిపి, చుట్ట చుట్టడం మొదలుపెట్టాడు. "మాటంటే మాటేరా. చెయ్యి అబద్ధం చెప్పింది. బొమ్మకి కబురు పెట్టు."

ఉమామహేశ్ నవ్వలేదు. వాడికి పుట్టినప్పటి నుంచీ హాస్యం తక్కువ. నవ్వడానికి కూడా లాభనష్టాలు చూసుకునే రకం. తండ్రి చేతివేళ్ళు తీసుకుని ఒక్కొక్కటే తిప్పి చూశాడు. కందిన చోట ఆగాడు.

"ఇవాళ సాయంత్రం డాక్టరు దగ్గరికి" అన్నాడు. "కథలు చెప్పకుండా రావాలి."

"వస్తాలే."

"ఇంకోటి. చెయ్యి అబద్ధం చెబితే లేస్తానన్నారు. నలుగురూ విన్నారు, కాదన్ను. చెంప సంగతి మనం మాట్లాడుకోలేదుగా?"

భావనారాయణ చుడుతున్న గొంగళి ఆపి కొడుకు ముఖంలోకి చూశాడు. నవ్వుతున్నాడో లేదో పోల్చుకోవడం కష్టమైంది.

"ఎక్కడ వేసిన గొంగళి అక్కడే ఉంచండి" అన్నాడు ఉమామహేశ్. "ఆ కుప్పలు రెండూ మళ్ళీ విడదీయాలి. జనం వచ్చే వేళయింది."

అప్పటి నుంచీ ఆ కొట్లో పద్ధతి మారింది. ఎవరైనా శాలువా తీసి "చెయ్యి వేసి చెప్పండి" అంటే, భావనారాయణ దాన్ని అందరి ముందూ చెంపకి ఆన్చుకుని కళ్ళు మూసుకుంటాడు. అడిగినవాళ్ళకి వేళ్ళ సంగతి దాచకుండా చెబుతాడు. చెప్పి, ఈ చెంప ఒకప్పుడు రెండు మైళ్ళ దూరంలో ఉన్న గొర్రె తుమ్మిందని కూడా పట్టేసిందని కలుపుతాడు. కొందరు ఓపిక పట్టలేక, "పరీక్ష చేస్తున్నాడా, నిద్రపోయాడా?" అని గుసగుసలాడుతుంటారు.

మధ్యాహ్నం క్యారియర్ తెచ్చే పున్నమ్మకి ఆ సందేహం లేదు. పరీక్ష చేసేటప్పుడు ఆయన గురక పెట్టడు.